సంఖ్య ఉన్నది, పేర్లు లేవు: మా ఊరి యుద్ధ స్మారక ఫలకం గురించి సలహా కావాలి

గ్రంథాలయం వీధి

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం నుండి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న మా చిన్న పట్టణంలో పాత తాలూకా కచేరీ గోడకు ఒక పాలరాతి పలక ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయింది గానీ, పలకను ఎవరో పుణ్యాత్ములు పగలకుండా తీసి గ్రంథాలయం వెనుక వరండాలో ఆనించి పెట్టారు. అప్పటి నుండి దాని ముందు పాత పత్రికల కట్టలు పేర్చుతూ వచ్చాం కాబట్టి, అది అక్కడ ఉన్నదనే సంగతే చాలామందికి గుర్తు లేదు.

మొన్న కట్టలు తీసి చూశాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఇంగ్లీషు అక్షరాలు తొలిచి వాటిలో సీసం పోశారు, ఆ సీసం ముప్పాతిక వంతు ఊడిపోయింది. గాలానికి బరువు కట్టుకోవడానికి మేకుతో పెకలించి తీసుకుపోయిన పిల్లల్లో నేనూ ఒకడినని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. పలుచని కాగితం అద్ది, పైన బొగ్గు ముక్కతో మెల్లగా రుద్దితే సీసం పట్టడానికి వేసిన చిన్న చిన్న రంధ్రాలు కూడా తేలి, మొత్తం వాక్యం చదవడానికి వీలయింది. ఈ ఊరి నుండి 1914–1919 మహాయుద్ధానికి 27 మంది వెళ్ళారని, వారిలో ఆరుగురు ప్రాణాలు అర్పించారని ఉన్నది. అంతే. ఒక్క పేరు కూడా లేదు.

ఇప్పుడు ఊళ్ళో ఒక కమిటీ ఏర్పడి, నాలుగు రోడ్ల కూడలిలో పన్నెండడుగుల ఫైబర్ జవాను విగ్రహం పెట్టి, కింద నల్లరాతి శిలాఫలకం వేయాలని నిర్ణయించింది. నమూనా ఫ్లెక్సీ నేను చూశాను. పైన ప్రారంభించేవారి పేర్లు, మధ్యలో దాతల పేర్లు, వారు ఇచ్చిన మొత్తాలు, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో "ఆరుగురు అమరవీరులకు అంకితం" అని ఉన్నది. నాకు రెండు విషయాలు తెలియాలి. ఆ ఆరుగురి పేర్లు నూరేళ్ళ తరువాత తెలుసుకునే దారి ఏదైనా ఉన్నదా? పాత పలకను ఏం చేయాలి?

దస్త్రాల పెట్టె

మాష్టారూ, ముందుగా ఆ పలకను దయచేసి మళ్ళీ కట్టల వెనుకకు నెట్టకండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రభుత్వం ఇటువంటి పలకలను దేశంలో చాలా ఊళ్ళలో పెట్టించింది. వాటి వాక్యం దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది: ఎందరు వెళ్ళారు, ఎందరు తిరిగి రాలేదు. యుద్ధం 1918 నవంబరులో ఆగినా పలకల మీద 1919 అని కనిపించడానికి కారణం, యుద్ధానికి లాంఛనంగా ముగింపు పలికిన వెర్సాయ్ సంధి మీద సంతకాలు 28 జూన్ 1919న జరగడమే. కాబట్టి అది చెక్కినవాడి పొరపాటు కాదు.

పేర్లు లేకపోవడం మీ ఊరి పలకకు మాత్రమే పరిమితమైన లోపం కూడా కాదు. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంఘం (అప్పట్లో ఇంపీరియల్, ఇప్పుడు కామన్వెల్త్) మరణించిన ప్రతివాడికీ హోదా, జాతి, మతం చూడకుండా పేరుతో స్మారకం ఉండాలని నియమం పెట్టుకున్నది. ఆచరణలో ఇరాక్‌లోని బస్రా స్మారకం చూడండి. మెసపటేమియాలో మరణించి సమాధి తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టినది అది. వారిలో అత్యధికులు భారతీయులే అయినా, అధికారుల పేర్లు రాతి మీదికి ఎక్కాయి, సామాన్య భారతీయ సిపాయిలు మాత్రం ఫలానా దళానికి చెందిన ఇంతమంది అనే లెక్కగా మిగిలారు. 2021లో ఆ సంఘమే ఒక విచారణ నివేదిక వెలువరించి, ఈ అసమానతకు క్షమాపణ చెప్పింది. పేరు లేకుండానో, అసలు ఏ స్మరణా లేకుండానో మిగిలిపోయినవారు కనీసం 1,16,000 మంది ఉంటారని, ఆ సంఖ్య 3,50,000 వరకు ఉండవచ్చని ఆ నివేదిక అంచనా. వారిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వారు.

అయితే రాతి మీద లేని పేర్లు చాలావరకు కాగితం మీద ఉన్నాయి. సంఘం వారి జాబితాను అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. అందులో దళం, సైనిక సంఖ్య, మరణించిన తేదీ ఉంటాయి, అదృష్టం బాగుంటే తండ్రి పేరు, ఊరు, "వైజాగపటం జిల్లా" అని కూడా ఉంటాయి. ఊరి పేరును గుమాస్తా విన్నట్టు రాసి ఉంటాడు కాబట్టి నాలుగైదు రకాల వర్ణక్రమాలతో వెదకాలి. 4 ఆగస్టు 1914 నుండి 31 ఆగస్టు 1921 వరకు కొలువులో ఉండి మరణించినవారందరూ ఈ లెక్కలోకి వస్తారు. అంటే గుండు తగిలి పోయినవాడే కాదు, ఆస్పత్రిలో జ్వరంతో పోయినవాడు, కూలీ దళంలో బరువులు మోస్తూ పోయినవాడు కూడా అందులో ఉంటారు. అప్పటి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) నుండి వెళ్ళినవారిలో కూలీ దళాలు, కంచరగాడిదల బండ్లు తోలేవారు, డోలీలు మోసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి "సిపాయి" అన్న మాట దగ్గరే వెదకడం ఆపకండి.

నాలుగో వార్డు

నేనూ ఆ ఊరివాడినే, ఆ కమిటీలో సభ్యుణ్ణి కూడా. మాష్టారు చెప్పినదానిలో అబద్ధం లేదు గానీ ఒక పక్షమే చెప్పారు. నూరేళ్ళుగా ఆ పలక వరండాలోనో గోడ మీదనో ఉన్నప్పుడు ఒక్క పూలదండ వేసినవారు లేరు. ఇప్పుడు ఊరివారు తలా కొంత వేసుకుని ఏదో చేద్దామంటే, దాతల పేర్లు పెద్దవిగా ఉన్నాయని ఆక్షేపణ. గుడి ప్రహరీ మీద, కళ్యాణమండపం కుర్చీల మీద, చివరికి శ్మశానంలో సిమెంటు బల్లల మీద కూడా దాత పేరు వేయించుకోవడం మన దగ్గర ఆనవాయితీ. పేరు వేస్తామంటేనే డబ్బు వస్తుంది. ఇది నాకు నచ్చిన సంగతి అని చెప్పడం లేదు, చందాల పుస్తకం పట్టుకుని తిరిగినవాడిగా చెబుతున్నాను.

ఉలి–సుత్తి

అయ్యా, నేను అనకాపల్లి దారిలో రాతిపని చేసేవాడిని, మా నాన్నగారి నుండి వచ్చిన పని. మాటలు పెద్దగా రావు గానీ రాయి గురించి చెప్పగలను.

పాలరాతి పలకను యాసిడ్‌తో కడగవద్దు. తెల్లగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, పై పొర కరిగి అక్షరం అంచులు పోతాయి. మళ్ళీ గోడకు బిగించేటప్పుడు ఇనుప కొక్కేలు వాడకండి. మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి రాతిని లోపలి నుండి చీల్చుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలకు నాలుగు వందలు ఎక్కువ అవుతుంది, అంతే తేడా.

కొత్త రాయి సంగతి. చుట్టుపక్కల కొండల్లో దొరికే ఖొండలైటు చెక్కడానికి మెత్తగా ఉంటుంది గానీ గాలికీ వానకూ పొడిపొడిగా రాలుతుంది, పేర్లు చెక్కడానికి పనికిరాదు. టెక్కలి వైపు నుండి వచ్చే నీలం గ్రానైటు గానీ, మామూలు నల్ల గ్రానైటు గానీ తీసుకోండి. ఇప్పుడు అందరూ కంప్యూటరులో స్టిక్కరు కోయించి, రాతికి అంటించి, ఇసుక కొట్టించి, బంగారు రంగు పూస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలు. తెలుగుకు మాత్రం వత్తుల దగ్గర దెబ్బ తింటుంది. అక్షరం అంగుళం ఉంటే వత్తు పావు అంగుళం కూడా ఉండదు. స్టిక్కరు ముక్క అక్కడ లేచిపోయి, "ప్ప" కాస్తా "ప" అవుతుంది. రంగు మూడు వానాకాలాలకు పోతుంది. ఉలితో లోతుగా, కోసుగా చెక్కిన అక్షరానికి రంగే అక్కరలేదు, ఉదయపు ఎండలో దాని నీడే దాన్ని చదివిస్తుంది. ఫైబర్ విగ్రహం గురించి నన్ను అడగకండి, ఎండకు దాని మీసాలు ఎలా వెలిసిపోతాయో మీకే తెలుసు.

పద్మనాభం మెట్లు

చర్చ బాగున్నది గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఆ ఆరుగురు ఎవరి కోసం చనిపోయారు? నెలకు 11 రూపాయల జీతానికి తెల్లవాడి సామ్రాజ్యం కోసం టర్కీ వాళ్ళతో పోరాడడానికి వెళ్ళారు. మా వైపు పద్మనాభం కొండ కింద 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి, తన వాళ్ళతో సహా అక్కడే నేలకొరిగాడు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టవలసిన కప్పం, బాకీ దగ్గర మొదలై ప్రాణాల దాకా వచ్చిన పోరాటం అది. ఆ నేల మీద ఉన్న స్మారకానికి వెళ్ళి చూసేవారు ఎందరు? కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొరల సమాధులు ఉన్నాయి. వాటిని చూసుకోవడం మానేసి, తెల్లవాడు గోడకు తగిలించిన పలకకు స్టీలు కొక్కేలు వెదకడం నాకు వింతగా ఉన్నది.

గ్రంథాలయం వీధి

పద్మనాభం మెట్లు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని తప్పించుకోను. కృష్ణదేవిపేట నాకు తెలియని చోటు కాదు, మూడేళ్ళు ఆ వైపు బడిలో పని చేశాను. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి దళం చేతిలో చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. వాటి మీద పేర్లు ఉన్నాయి, చదివాను. అదే పోరాటంలో మన్యంలో చనిపోయిన సామాన్య గిరిజనుల పేర్లు ఏ రాతి మీద చదవాలో మాత్రం నాకు దొరకలేదు.

మా ఊరి ఆరుగురి విషయంలోనూ నన్ను తొలిచేది అదే. వారు చేసినది గొప్ప పనా, తప్పు పనా అని తేల్చడానికి నేను ఈ చర్చ మొదలుపెట్టలేదు. పంటలు పోయిన ఏడు ఎవరో రిక్రూటు మేస్త్రీ వచ్చి, ముందస్తు జీతం చేతిలో పెడితే వెళ్ళినవాళ్ళు అయి ఉండవచ్చు. వాళ్ళను తీసుకుపోయినవాడు కూడా వాళ్ళ పేర్లు రాయలేదు, వాళ్ళు పోయారని ఇక్కడివారూ రాయలేదు. మీరు కొత్త ఫలకం మీద "వీరులు" అన్న మాట వద్దంటే నాకు అభ్యంతరం లేదు. పేరు మాత్రం వద్దనకండి.

పద్మనాభం మెట్లు

పేరు వద్దని నేను అనలేదు. "దేశం కోసం" అని చెక్కితే అబద్ధం అవుతుందని అంటున్నాను. ఆ రెండు మాటలు లేకుండా చెక్కుతామంటే నా ఆక్షేపణ అక్కడికి సరి.

డాల్ఫిన్ నోస్ నీడ

నౌకాదళంలో ఇరవై రెండేళ్ళు పని చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. సాగరతీరంలో 1996లో కట్టిన "విక్టరీ ఎట్ సీ" స్మారకం దగ్గర డిసెంబరు 4న పుష్పగుచ్ఛాలు ఉంచే కార్యక్రమంలో చాలాసార్లు నిలబడ్డాను. 1971 యుద్ధంలో డిసెంబరు 3 రాత్రి దాటాక మన రేవు ముందే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగిపోయింది. ఆ నెల 9న మన ఖుక్రీ నౌక 18 మంది అధికారులతో, 176 మంది నావికులతో అరేబియా సముద్రంలో మునిగిపోయింది. వారి స్మారకం దీవ్‌లో ఉన్నది. యాత్రికులు మొదట గాజు పెట్టెలోని నౌక నమూనాను చూస్తారు, సంబంధీకులు మాత్రం పేర్ల కోసమే వెదుకుతారు. ఒక నావికుడి అన్నగారు తమ్ముడి పేరు మీద వేలు పెట్టి, అక్షరాల వెంట ఎడమ నుండి కుడికి నడిపించి, మళ్ళీ మొదటి నుండి నడిపించడం నేను చూశాను. సంఖ్య మీద వేలు ఎలా నడిపిస్తారు?

ఇక మీ కమిటీ ముందుకు రాబోయే చిక్కు ఒకటి ముందే చెబుతాను. స్వాతంత్ర్యం తరువాత మీ ఊరి నుండి వెళ్ళి మరణించినవారిని కూడా చేర్చమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. అప్పుడు ఎవరిని చేర్చాలి? సైన్యంలో "బ్యాటిల్ క్యాజువాల్టీ" వేరు, "ఫిజికల్ క్యాజువాల్టీ" వేరు. శత్రువు చర్యలో మరణించినవాడు ఒక జాబితాలోకి, కొలువులో ఉండగా సాధారణ ప్రమాదంలోనో జబ్బుతోనో మరణించినవాడు మరో జాబితాలోకి వెళ్తారు.  ఇంటివారికి ఈ తేడా ఎలా వివరిస్తారు?

మన విశాఖ సంగతే చూడండి. 2016 జూలై 22న తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో మాయమైంది. వారిలో ఎనిమిది మంది ఇక్కడి నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే పౌర ఉద్యోగులు. మనం రోజూ బస్సు ఎక్కే ఎన్.ఎ.డి. కూడలికి పేరు వచ్చినది ఆ డిపో వల్లనే. 2024 జనవరిలో సముద్రం అడుగున, 3,400 మీటర్ల లోతులో, ఆ విమాన శకలాలు కనిపించినట్టు రక్షణ శాఖ ప్రకటించింది. యూనిఫారం లేదు, యుద్ధం లేదు, అయినా కొలువు పని మీదే పోయారు. అటువంటివారు మీ ఊళ్ళో ఉంటే రాస్తారా, రాయరా? నా మట్టుకు నేను రాయాలనే అంటాను, కానీ వేరే వరుసలో, మరణించిన సందర్భం స్పష్టంగా చెబుతూ రాయాలి.

నాలుగో వార్డు

స్వాతంత్ర్యం తరువాతివారు మా ఊళ్ళో ఇద్దరు ఉన్నారు, వారి కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వారి సంగతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, కుటుంబాలు ఒప్పుకుంటేనే రాస్తాం. అది సులువైన భాగం.

అసలు ఇబ్బంది కూడలి దగ్గర వచ్చింది. బహిరంగ రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఉత్తరువు ఇచ్చిందని పురపాలక ఇంజనీరు గారు చెప్పారు. మరి మొన్నటిదాకా వెలసిన విగ్రహాల మాటేమిటని నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. మొత్తానికి కూడలి ఆశ వదులుకున్నాం.

మూడో తరం

అందరికీ నమస్కారం. ఇటువంటి చర్చల్లో నేను ఎప్పుడూ రాయలేదు, చదవడమే. మాది ఆ ఊరే, పెళ్ళయ్యాక గాజువాకలో ఉంటున్నాను. దస్త్రాల పెట్టె గారు రాసినది చదివాక మా అమ్మకు ఫోన్ చేశాను, అందుకే ఇది రాయవలసి వచ్చింది.

మా పుట్టింట్లో దేవుడి గూటిలో ఒక గుండ్రని కంచు బిళ్ళ ఉన్నది. అరచేయంత ఉంటుంది, బరువుగా ఉంటుంది. దాని మీద సింహం, ఆ సింహం వెనుక త్రిశూలం పట్టుకుని నిలబడిన స్త్రీ మూర్తి. సింహం, త్రిశూలం ఉన్నాక అమ్మవారు కాక మరెవరు? మా ఇంట్లో దాన్ని "సీమదుర్గమ్మ" అంటారు. సీమ అంటే ఇంగ్లండు అని నాకు చాలా పెద్దయ్యాక గానీ తట్టలేదు. ప్రతి శుక్రవారం పసుపు రాసి, కుంకుమ పెట్టి, దసరా తొమ్మిది రోజులూ ఎర్ర మందారం పెడతారు. మా తాతగారి పెదనాన్న ఒకాయన పడవెక్కి వెళ్ళి తిరిగి రాలేదని, ఆయన బదులు అమ్మవారు వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. మేము దాన్ని కథ అనుకున్నాం.

నిన్న అమ్మ తడిగుడ్డతో తుడిచి, వాట్సాప్‌లో ఫొటో పంపింది. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. సింహం తల మీదుగా దీర్ఘచతురస్రాకారపు చిన్న గడి ఒకటి ఉన్నది, దాని నిండా కుంకుమ గట్టిపడి ఉన్నది. ఇది మీరు మాట్లాడుకుంటున్నదేనా?

దస్త్రాల పెట్టె

అమ్మా, ముందుగా ఒక మనవి. చింతపండు, పీతాంబరి, బ్రష్షు ఏవీ దాని దగ్గరకు రానివ్వకండి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని నూలుగుడ్డను ఆ గడి మీద కాసేపు ఉంచి, కుంకుమ నానిన తరువాత వెదురు పుల్లకు దూది చుట్టి అద్దుతూ తీయించండి.

అది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్మారక ఫలకం అది. వ్యాసం సుమారు 12 సెంటీమీటర్లు. అటువంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు. ఆ స్త్రీ మూర్తి బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశానికి స్త్రీ రూపం, చేతిలో ఉన్నది సముద్రాధిపత్యానికి గుర్తైన త్రిశూలం. మీరు చూసి ఉండరు గానీ ఆమెకు రెండు పక్కలా డాల్ఫిన్లు కూడా ఉంటాయి. చుట్టూ ఉన్న అక్షరాలకు "ఇతడు స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం మరణించాడు" అని అర్థం. పద్మనాభం మెట్లు గారు ఆ మాటతో ఒప్పుకోరని తెలుసు, అయినా అక్కడ ఉన్నది అదే.

కుంకుమ కింద ఉన్న ఆ చిన్న గడిలో ఆయన పేరు ఉంటుంది, అదీ ఉబ్బెత్తు అక్షరాల్లో. అధికారి అయినా కూలీ అయినా హోదా రాయకూడదని, పేరు మాత్రమే ఉండాలని అప్పట్లోనే నిర్ణయించుకున్నారు.

పద్మనాభం మెట్లు

బ్రిటానియాకు నూరేళ్ళు మందార పూలు. చరిత్రలో ఇటువంటి ఎదురుదెబ్బ ఏ తెల్లదొరా ఊహించి ఉండడు. అమ్మా, నేను నవ్వుతున్నది మిమ్మల్ని చూసి కాదు.

నిర్వాహకుడు

చిన్న సూచన. కుటుంబాలు అనుమతించే వరకు మరణించినవారి పూర్తి పేర్లు, ఇంటిపేర్లు, చిరునామాలు ఇక్కడ రాయవద్దు. మాష్టారికి నేరుగా పంపండి.

మూడో తరం

ఆరు రోజులు ఆలస్యమైంది, మన్నించండి. గడిలోని కుంకుమ తీయడానికి అమ్మకు మూడు పూటలు పట్టింది. పేరు ఉన్నది. ఇంటిపేరు లేదు. "అప్పల" అని మొదలవుతుంది, మా వైపు వీధికి ముగ్గురికి ఉండే పేరే. మాష్టారు, దస్త్రాల పెట్టె గారు కలిసి జాబితాలో వెదికితే ఆ పేరుకు దగ్గరగా ఉన్నవారు నలుగురు తేలారు. అందులో ఒకరికి తండ్రి పేరు, మా ఊరి పేరు ఇచ్చారు. ఆ తండ్రి పేరు మా తాతగారి తాతదే, ఇంటి భూమి కాగితాల్లో ఉన్నది. కూలీ దళం. బస్రా స్మారకం. మరణించిన తేదీ కూడా ఉన్నది.

ఆ తేదీ చూసి అమ్మ ముందుగా అడిగినది యుద్ధం గురించి కాదు, ఆ రోజు తిథి ఏమిటని. ఆయనకు ఇంతవరకు తద్దినం పెట్టలేదట. శవం రాలేదు, కబురు సరిగా రాలేదు, ఏ తిథికి పెట్టాలో తెలియదు. మహాలయ అమావాస్యకు పెద్దలందరితో కలిపి ఒక ముద్ద వదిలేవారు. ఆయన భార్య చాలా ఏళ్ళు బొట్టు తీయలేదని, ఆ మాట మీద ఇంట్లో గొడవలు కూడా జరిగాయని అమ్మ ఇప్పుడు చెబుతున్నది. పురోహితులు పాత పంచాంగం చూసి తిథి చెప్పారు. ఆయన వారసులుగా మా తమ్ముడు ఈ ఏడు పెడతాడు.

ఇక సీమదుర్గమ్మ సంగతి. అది అమ్మవారు కాదని తెలిసింది కదా, తీసి బీరువాలో భద్రంగా పెడదామా అని అడిగాను. "పేరు తెలిసినంత మాత్రాన పూజ మానేస్తామా?" అన్నది అమ్మ. మొన్న శుక్రవారం కుంకుమ పెట్టింది గానీ, గడి మీద పెట్టలేదు.

డాల్ఫిన్ నోస్ నీడ

అమ్మగారికి నా తరఫున ఒక సెల్యూట్ చెప్పండి. బస్రా స్మారకం కూడా మీ ఊరి పలకలాగే చోటు మారినదే. మొదట అది రేవు దగ్గర ఉండేది, 1997లో రాయి రాయి విప్పి, నాసిరియా వెళ్ళే దారిలో 32 కిలోమీటర్ల దూరంలో మళ్ళీ నిలబెట్టారు. అక్కడికి వెళ్ళి వెదికినా ఆయన పేరు రాతి మీద కనిపించే అవకాశం తక్కువే. కాబట్టి రాతి మీద మొదటిసారి చెక్కబోయేది మీరే కావచ్చు.

నాలుగో వార్డు

కమిటీ సమావేశం నిన్న జరిగింది. కంచు బిళ్ళ ఫొటో చూపించాను, అమ్మగారు రాసినది చదివి వినిపించాను. విగ్రహం విరమించుకున్నాం. స్మారకం గ్రంథాలయం ఆవరణలో, వేపచెట్టుకు తూర్పు పక్క. పాత పాలరాతి పలక దాని సంఖ్యతో సహా అలాగే పైన ఉంటుంది, దాని కింద కొత్త రాయి. ఇప్పటికి ఆరుగురిలో ఇద్దరి పేర్లు రుజువయ్యాయి, మిగిలిన నలుగురికి స్థలం ఖాళీగా వదులుతాం. స్వాతంత్ర్యం తరువాతి ఇద్దరికీ పక్కన వేరే రాయి. "వీరులు", "దేశం కోసం" అన్న మాటలు ఎక్కడా లేవు. "ఈ ఊరి నుండి వెళ్ళి తిరిగి రానివారు" అని మాత్రమే ఉంటుంది.

దాతల పేర్లు వెనుక వైపు, మోకాలి ఎత్తులో, మొత్తాలు లేకుండా. ఇద్దరు దాతలు అలిగి డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. ఆ లోటు ఎక్కడ పూడ్చాలో ఇంకా తెలియదు.

ఉలి–సుత్తి

లోటు సంగతి నాతో విడిగా మాట్లాడండి, రాయి ధరలో కొంత చూద్దాం. ఇప్పుడు నాకు అక్షరాలు ఖరారు కావాలి, బుధవారం రాయి బల్ల మీదికి ఎక్కుతుంది. పేర్ల ముందు "కీ.శే." పెట్టాలా? పేరు చివర చుక్క పెట్టాలా? మొదటి పేరు మాష్టారు పంపిన కాగితంలో "స్వామి" అని ముగిసింది, అమ్మగారు పంపిన దానిలో "సామి" అని ఉన్నది. రాతి మీద దిద్దుబాటు ఉండదు.

గ్రంథాలయం వీధి

కీ.శే. వద్దు, చుక్క వద్దు. "స్వామి" అని నేను దిద్దినది అరవై ఏళ్ళ పంతులు అలవాటు, అంతకంటే కారణం లేదు. ఇంటివారు ఏది చెబితే అది చెక్కండి.

మూడో తరం

ఇంట్లో ఎప్పుడూ "సామి" అనే అన్నారు. ఆయన్ను పిలిచినవాళ్ళు కూడా అలాగే పిలిచి ఉంటారని అమ్మ అంటున్నది.

ఉలి–సుత్తి

సరే అమ్మా, "సామి" అనే చెక్కుతాను. ఒక వత్తు తగ్గింది గదా అని నాలుగో వార్డు గారు బేరం పెట్టకూడదు.